మంచిదమ్మా

బావా,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి వీడు కాగితమెందుకు పట్టాడా అని నవ్వుకుంటూ ఉంటావు. తొమ్మిదో తరగతి మధ్యలో పుస్తకాలు గిరాటేసినవాణ్ణి, తప్పులుంటే తిట్టుకుంటూ చదువు. నా గొంతు నాకే వినబుద్ధి కావట్లేదు బావా, అందుకే రాస్తున్నా. ఆఫీసులో ఎవరేమడిగినా తలూపి ఊరుకుంటున్నా. గొంతు నొప్పని చెప్పా.

నువ్వు ఈ పనిలో పెట్టించినప్పుడు నాకు చెప్పిందల్లా ఒకటే. బండేసుకుని ఇల్లిల్లూ తిరగాలి, చంటిపిల్లల తల్లుల ఫోన్ నెంబర్లు ట్యాబ్‌లో ఎక్కించాలి. కాలు నిలవనివాడికి తిరుగుడు పని, బాగానే కుదిరింది. ఆ నెంబర్లన్నిటికీ వారానికోసారి కంప్యూటర్ తనంతట తనే ఫోన్ చేస్తుంది. జ్వరమొస్తే ఏం చెయ్యాలి, పిల్లాడు డొక్కలెగరేస్తుంటే ఎంత తొందరగా ఆస్పత్రికి పరిగెత్తాలి, ఇలాంటివి చెప్తుంది. అలా చెప్తే పసిపిల్లల ప్రాణాలు నిలుస్తాయా లేదా అన్నదే మా డాక్టరమ్మ పరిశోధన. మొదట్లో ఎవరో బాగా చదువుకున్నావిడ గొంతు పెట్టారు. వార్తలు చదివినట్టుందని జనం మధ్యలోనే పెట్టేసేవాళ్ళు. ఒకరోజు నేను డ్రైవర్లతో వాగుతుంటే డాక్టరమ్మ విని, నీ గొంతు పక్కింటి కుర్రాడి గొంతులా ఉందబ్బాయ్, నువ్వు చదువు అంది. నువ్వు నన్ను రేడియో అని ఏడిపిస్తావుగా, నిజంగానే రేడియోనయ్యానని ఆ రోజు నీకు ఫోన్లో ఎంత కోతలు కోశానో.

చదవమని ఇచ్చిన కాగితంలో ఆఖర్న "ధన్యవాదములు" అని ఉంది. ఇళ్ళల్లో ఎవరంటారు బావా అలా? ఫోన్ పెట్టేసేటప్పుడు మనం మంచిదండీ, మంచిదమ్మా అంటాం. నేనూ అదే అన్నా. "మంచిదమ్మా, వచ్చే వారం మళ్ళీ మాట్లాడతా." డాక్టరమ్మ మురిసిపోయి అదే ఉంచేసింది. ఆవిడ కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు కూడా నా గొంతే వినిపించేది, జనంతో ఎలా మాట్లాడాలో నేర్చుకోండని.

మొన్న ఒకాయన ఆఫీసుకొచ్చాడు. గోడలకి రంగులేసే ఆయన, పనిలోంచి అలాగే వచ్చేశాడు, మోచేతులదాకా తెల్లరంగు. అరవలేదు. అరిచినా బాగుండేది. మా ఆవిడకి ప్రతి వారం ఫోన్ చేసే అబ్బాయి ఎవరు, ఒకసారి చూడాలి అన్నాడంతే.

ఎందుకని డ్రైవర్లడిగితే ఆయన చెప్పింది ఇదీ. ఫోన్లో నా గొంతు "బాబు బాగున్నాడా అమ్మా?" అని అడిగి కాసేపు ఆగుతుంది. బాగుంటే ఒకటి నొక్కాలి, బాగోకపోతే రెండు. రెండు నొక్కితే నర్సు తిరిగి చేస్తుంది. ఆమె ఏదీ నొక్కలేదు. ఆప్యాయంగా అడిగాడు కదా అని నోటితో చెప్పింది. పొద్దున్నించీ డొక్కలెగరేస్తున్నాడు బాబూ, పాలు తాగట్లేదు అంది. ఏమీ నొక్కకపోతే మిషను ఆఖరి మాట వేసేస్తుంది. నా గొంతు మంచిదమ్మా అంది.

ఆస్పత్రివాళ్ళే మంచిదన్నారు, ఇంకా కంగారెందుకని అత్తగారు ధైర్యం చెప్పిందట. ఈమె నమ్మింది. పెదాలు నల్లబడ్డాక ఎత్తుకుని పరిగెత్తారు. ఇప్పుడు పిల్లాడు పెద్దాస్పత్రిలో ఆక్సిజన్ మీదున్నాడు. బతుకుతాడో లేదో ఎవరూ చెప్పట్లేదు.

ఆయనలా అడుగుతుంటే నేను ఆఫీసు వెనక బ్యాటరీల గదిలో తలుపు చాటున నిలబడ్డా బావా. నోరు తెరిస్తే పట్టేస్తాడని. ఆయన వెళ్ళాక ట్యాబ్ తీసి వాళ్ళావిడ నెంబరు చూశా. పచ్చచుక్క. "పూర్తిగా విన్నారు" అని రాసుంది. మధ్యలో పెట్టేసినవాళ్ళకి ఎర్రచుక్క పడుతుంది. మేమిన్నాళ్ళూ పచ్చచుక్కలు పెరిగాయని సంబరపడ్డాం. మధ్యలో పెట్టేసి ఉంటే ఆ మాట ఆమె చెవిన పడేదే కాదు.

ఇంకా ఎంతమంది నాతో మాట్లాడారో, ఎంతమందికి మంచిదన్నానో, రాత్రుళ్ళు ట్యాబ్‌లో పచ్చచుక్కలు లెక్కపెడుతున్నా. ఇక్కడ ఉండలేను. నీ లారీ మీద క్లీనరుగా పెట్టుకో. లారీలో ఎవరితో మాట్లాడక్కర్లేదు. అక్కకి చెప్పకు, ఏడుస్తుంది.

నోరు పడిపోయిన నీ బావమరిది

*

బావా,

నువ్వు పంపిన మెసేజ్ చూశా. "పారిపోయేవాడికి నా లారీలో సీటు లేదు, ముందు డాక్టరమ్మకి చెప్పిరా." నీకేం, లారీ అద్దంలోంచి చూస్తే ప్రపంచం అంతా తిన్నగానే కనపడుతుంది. తిట్టుకుంటూనే వెళ్ళి చెప్పా.

ముందు, నొక్కమని స్పష్టంగా చెప్పాం కదా అంది. తర్వాత ఆ ముక్క తనే నాలుగైదుసార్లు వేసుకుని వింది. నా గొంతు, ఆగడం, మంచిదమ్మా. మళ్ళీ నా గొంతు, ఆగడం, మంచిదమ్మా. నేను చెవులు మూసుకున్నా. చివరికి నా వైపు తిరిగి, "అన్నది నువ్వు, ఉంచమన్నది నేను. నీ ఒక్కడి నెత్తిన వేసుకోకు" అంది. ఏదో ఊరట కలగాలి కదా, కలగలేదు. అక్కడ ఊపిరి అందనిది మా ఇద్దరికీ కాదు.

కొత్తగా రికార్డు చేద్దామంది. ఏం చదివించిందో తెలుసా. "అమ్మా, నేను మనిషిని కాదు, మిషన్ని. మీరు చెప్పేది నాకు వినపడదు." నా నోటితో నేను మనిషిని కాదని చెప్పా బావా. అప్పుడు మాత్రం నిజమే చెప్తున్నాననిపించింది.

సరిగ్గా అర్థమవుతుందో లేదోనని, ఆఫీసు ఊడ్చే ముసలమ్మ చెవి దగ్గర ఫోన్ పెట్టి వినిపించాం. శ్రద్ధగా వింది. నాకు వినపడదు అన్న మాట రాగానే ఆమె మొహం జాలిగా అయిపోయింది. ఫోన్ని నోటి దగ్గరికి తెచ్చుకుని, గట్టిగా, "అయ్యో, ఎప్పట్నించి నాయనా?" అంది.

డాక్టరమ్మకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. నవ్వి నవ్వి, డాక్టరమ్మ టేబుల్ మీద తల వాల్చేసింది, ఎంతసేపటికీ ఎత్తలేదు. లేచాక, అన్ని ఫోన్లూ ఆపెయ్యమంది. ఇన్నేళ్ళ పరిశోధన. ఆపెయ్యండి, మనుషులే మాట్లాడాలి అంది.

ఆస్పత్రికి కూడా వెళ్ళా. వార్డు తలుపుదాకా. అద్దంలోంచి పిల్లాడి తల్లి వీపు కనపడింది, మంచం మీదకి వంగి కూర్చుంది. నాకంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో. తలుపు తొయ్యలేకపోయా. తిరిగొచ్చేశా. నువ్వన్నట్టు చెప్పొచ్చాగా, ఇప్పుడైనా సీటు ఉంచు.

నీ బావమరిది

*

బావా,

పిల్లాడు ఇంటికైతే వచ్చాడు. ఇది మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నా, అక్షరాలు గొలుసుకట్టుగా పోతున్నాయి.

ఆక్సిజన్ తీసి ఇంటికి పంపారు, కానీ మళ్ళీ తీసుకొచ్చి చూపించాలన్నారు. చూపించకపోతే ఊపిరితిత్తుల్లో మిగిలిన నెమ్ము మళ్ళీ రాజుకుంటుందట. వాళ్ళు తేలేదు. నర్సు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. రంగులాయన నెంబరుకి చేస్తే పనికోసం ఊరెళ్ళాడట, మా ఆవిడ ఇంక ఫోన్ ముట్టనంటోంది, మీ మాట వినదు అన్నాడు. డాక్టరమ్మ తనే వెళ్తానని బ్యాగు తీసుకుంది. ఎందుకన్నానో తెలీదు, నేనెళ్తానన్నా.

ఆ ఇల్లు నాకు తెలుసు, ఆ నెంబరు ఎక్కించింది నేనే. సన్న సందు, నీళ్ళ డ్రమ్ము పక్కన నీలం తలుపు. తట్టా. ఎవరు అంది లోపల్నించి. ఆరోగ్యం ఆఫీసు అనొచ్చు. అనలేదు. "ఫోన్లో మాట్లాడేవాణ్ణక్కా" అన్నా.

లోపల అడుగుల చప్పుడైంది. తర్వాత తలుపుకి దగ్గరగా ఆమె గొంతు వినపడింది. తలుపు మాత్రం తియ్యలేదు.

"నేను చెప్తే విన్లేదు నువ్వు."

"వినలేదక్కా. అది నా గొంతేగానీ, అక్కడ నేను లేను. మిషను."

"మిషనైతే మరి మంచిదమ్మా అని ఎందుకన్నావు?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట దొరకలేదు బావా. లోపల పిల్లాడు దగ్గుతున్నాడు, గరగర వినిపిస్తోంది. ఆస్పత్రికి పదమని బతిమాలా. అక్కడా అందరూ మంచిదే అంటారు, ఎవరి మాట నమ్మమంటావు అంది. ఏడవట్లేదు, నిజంగానే అడుగుతోంది.

మళ్ళీ తనే, "ఇప్పుడు వింటున్నావా?" అంది.

"వింటున్నా."

"అయితే చెప్పు. వీడు బతుకుతాడా?"

బతుకుతాడక్కా, నీకెందుకు భయం అని నాలుక చివరిదాకా వచ్చింది. అలా అనడమేగా నాకొచ్చింది. మింగేశా.

"నాకు తెలీదక్కా" అన్నా. "బండి మాత్రం తెచ్చా."

గడియ తీసిన చప్పుడైంది. పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టి ఎత్తుకునే ఉంది. నా మొహంలోకి ఒకసారి చూసి, తాళం నా చేతిలో పెట్టి, "వెయ్యి" అంది.

ఇది ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నా. లోపల చూస్తున్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు. నా కోసం సీటు ఉంచొద్దు బావా, ఎవరికైనా ఇచ్చెయ్యి. ఆమె పిలుస్తోంది, వెళ్తున్నా.

నీ
రేడియో