రోజూ వచ్చే చేపలు

చిరంజీవి చిన్నోడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. అందులో ఎంత నిజమో ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. నువ్వు ఆ పెద్ద ఓడలో కరెంటు పని చేసుకుంటూ వేళకు తింటున్నావని తలుస్తాను. తినకపోయినా తింటున్నానని రాయి, అమ్మకు చదివి వినిపించాలి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. మెట్లెక్కుతోంది, మెట్టుకో మూలుగు చొప్పున మాకు వినిపిస్తోంది. వంటింటి పైకప్పు కారడం ఆగింది, ఇప్పుడు ముందుగదిలో మొదలైంది. నీ సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. బాబాయికి గొణుగుడు తగ్గిందా అన్నావు. తగ్గితే ఆయన్ని గొణుగుడు బాబాయి అని ఎందుకు పిలుస్తాం? మణికట్టు అతుక్కుంది, వల వేసేటప్పుడు సముద్రాన్ని, లాగేటప్పుడు వలను తిడుతూనే ఉన్నాడు.

ఇక ఆఖరి ప్రశ్న. "బోటులో నేను కలిపి వచ్చిన చేపల ఫైండర్లు రెండూ బాగా మాట్లాడుకుంటున్నాయా?" అని రాశావు. ఆ ఒక్కదానికి జవాబు రాయలేకే నాలుగు రోజులుగా ఈ కాగితం ముందేసుకుని లేచిపోతున్నాను.

సెలవుకొచ్చి నువ్వెంత కష్టపడ్డావో చూశాను. స్టీరింగ్ దగ్గరున్న చేపల ఫైండరు నుంచి బోటు వెనక వల దగ్గరున్నదాని దాకా తీగ లాగావు. నాన్నకు ముందు కనిపించే నీటి అడుగూ చేపలూ వెనకున్న నాకూ కనిపించేలా చేశావు. ఒకదాంట్లో గుర్తు పెడితే రెండోదాంట్లో పడుతుంది, ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ పోతుంది. "ఇక మీరిద్దరూ ఈ చివరి నుంచి ఆ చివరికి అరుచుకోనక్కర్లేదు" అన్నావు. నిజంగానే అరుపులు తగ్గాయి. కానీ నాన్న మనసులో ఏం జరుగుతోందో నేను వెనక కూర్చుని చూడాల్సి వచ్చింది.

నువ్వు వెళ్లిన మూడో వారం అనుకుంటా. వల సర్దుతూ తలెత్తితే నా తెర మీద ఒకేచోట పదకొండు గుర్తులు కనిపించాయి. పెట్టినచోటే మళ్లీ మళ్లీ పెడుతున్నాడు. గుర్తులకు పేర్లు పెట్టడం నువ్వే నేర్పావు కదా, ఒక్కో అక్షరం వెతుక్కుని మరీ పెడుతున్నాడు. సగం వాటికి నీ పేరే. కుళ్లుకున్నానులే. మర్నాడు నలభై మీటర్ల లోతున్న చోట, కనుచూపు మేర నీళ్లు తప్ప ఏమీ లేని చోట, "ఇల్లు" అని ఒక గుర్తు పడింది. ముందుకు వెళ్లి అడిగాను.

"నాన్నా, ఇక్కడ ఇల్లేంటి?"

"దారి తప్పితే తెలియొద్దూ?" అన్నాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

నవ్వేసి వచ్చాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇంట్లో అమ్మ ఎప్పుడో కనిపెట్టిందట. భోంచేసిన గంటకే మళ్లీ భోజనం అడుగుతున్నాడని మొదటిసారి సగమే వడ్డించి, మిగతా సగం రెండోసారికి దాస్తోంది. "తిన్నారని చెప్తే చిన్నబుచ్చుకుంటారే" అంటుంది. డాక్టరుకి చూపించాం. ఆయన మాత్రలు రాశాడు. ఇది ఆగే జబ్బు కాదు, దాని నడక నెమ్మదిస్తే అదే పదివేలు అన్నాడు. వచ్చేటప్పుడు నాన్న డాక్టరుకి చేయి ఊపి, "మంచి కుర్రాడు, మన చిన్నోడి స్నేహితుడా?" అని నన్నడిగాడు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. బాబాయి మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడని కిందటి ఉత్తరంలో రాశాను కదా, విరగడం నిజమే, మెట్లు అబద్ధం. హార్బరు దారిలో నీళ్ల కింద ఉండే మొండిరాయి నీకు తెలుసు. చిన్నప్పుడు నాన్న చెప్పేవాడు, "అది మీ అమ్మ లాంటిది, పక్కనుంచి పోవాలిగానీ ఎదురెళ్లకూడదు" అని. దాని గుర్తును ఆయన తెర మీద మరక అనుకుని చెరిపేశాడు. ఆయన దగ్గర చెరిగితే నా దగ్గరా చెరిగింది. ఆ రోజు పొగమంచు. తెర మీద ఏమీ లేదు కదా అని నేనూ ధీమాగా ఉన్నాను. బోటు అడుగు రాయి మీద బరబరా గీసుకుపోయింది, బాబాయి వల మీంచి ఎగిరి పడ్డాడు. నాన్న కిందకు తొంగిచూసి, "ఈ రాయి ఇక్కడికి ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

ఆస్పత్రిలో బాబాయి గొణగలేదు. స్పష్టంగా చెప్పాడు.

"అన్నయ్య స్టీరింగ్ పడితే నేనింక బోటెక్కనే. ఆయన్ని వదిలేసి పోలేను, ఆయనతో పాటు మునిగిపోనూ లేను. ఏం చేస్తావో నువ్వే చెయ్యి."

ఇంటికొస్తే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బోటు మాత్రం మానిపించకే. ఒడ్డున కూర్చోబెడితే మనిషి మిగలరు" అంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. స్టీరింగ్ నేను తీసుకున్నాను. "చేపలు చూడటంలో నీ కన్నుకున్న వాటం నాకు లేదు నాన్నా, వెనక కూర్చుని ఎక్కడ వెయ్యాలో చెప్పు" అని ఆయన్ని వెనక ఫైండరు ముందు కూర్చోబెట్టాను. పొగడ్త కదా, ఒప్పుకున్నాడు. కానీ అక్కణ్ణుంచి కూడా చెరుపుతూనే ఉన్నాడు. పోయిన గుర్తుల్ని నేను రోజూ మళ్లీ పెట్టుకోవడం, ఆయన మళ్లీ తీసెయ్యడం. చివరికి ఓ ఉదయం, ఆయన రాకముందు, నువ్వు లాగిన తీగ పీకేశాను. నన్ను తిట్టాలంటే ఇక్కడ తిట్టు.

తీగ పోయేసరికి ఆయన తెర ఖాళీ అయిపోయింది. రెండు రోజులు దాన్ని తడుతూ, తుడుస్తూ కూర్చున్నాడు. చూడలేక దాని బటన్లన్నీ నొక్కి వెతికితే, కొట్లో కొనేవాళ్లకు చూపించడానికి ఉండే డెమో దొరికింది. అది పెడితే నీళ్లూ అక్కర్లేదు, చేపలూ అక్కర్లేదు, తెర నిండా చేపలు వాటంతటవే ఈదుతుంటాయి. నాన్నకు అరచేతిలో వైకుంఠం చూపించాను.

అప్పటినుంచి హుషారే హుషారు. "అమ్మడూ, ఇక్కడ వెయ్యి" అని అరుస్తాడు. నేను సరేనని చెయ్యెత్తి, నా ఫైండరులో నిజం చేపలు కనిపించేదాకా పోయి అక్కడ వేస్తాను. బాబాయి మొహం పక్కకు తిప్పుకుంటాడు. చేపలు పడితే నాన్న "చెప్పానా?" అంటాడు. పడకపోతే "ఆలస్యం చేశావు" అంటాడు. మీసం మెలేస్తాడురా, మన చిన్నప్పటిలా.

కిందటి గురువారం మధ్యాహ్నం ఇంజను ఆపి ఆయన పక్కన కూర్చుని టిఫిన్ బాక్సు తెరిచాను. నాన్న తెర వైపు వేలు చూపించాడు.

"చూడు, ఈ గుంపు పోతుందా, దీని వెనక రెండు పెద్దవి వస్తాయి. తర్వాత ఒక్కటే, ఒంటరిది."

అన్నట్టే వచ్చాయి. ఒంటరిది కూడా వచ్చింది.

"రోజూ ఇవే చేపలు. బోటు నిలబడి ఉన్నా కింద నేల కదులుతూనే ఉంది" అన్నాడు.

తాతకు దగ్గులు నేర్పబోయాను చూడు. నలభై ఏళ్లు చేపల వెంట తిరిగిన మనిషికి బొమ్మ చేపలు చూపించి సంబరపడ్డాను.

"చిన్నోడి తీగ తీసేశావా?"

తలూపాను.

"మంచి పని చేశావు. నేను చెరిపేస్తున్నాను కదా." కాసేపు తన ముద్ద తను తిన్నాడు. "నాకు తెలిసిందని రేపటికి మరిచిపోతానమ్మడూ. నువ్వు మళ్లీ గుర్తు చెయ్యకు."

వెంటనే వచ్చెయ్యమని రాద్దామనుకుని మానేశాను. నువ్వొచ్చి మాత్రం ఏం బాగుచేస్తావు? తొమ్మిదో నెలలో సెలవన్నావు, అప్పుడే రా. అప్పటికి నిన్ను గుర్తుపడతాడో లేదో చెప్పలేను. ఫైండర్ల గురించి మాత్రం ఆయన్నేమీ అడగకు. "ఇల్లు" అన్న గుర్తును నేను చెరపలేదు, స్టీరింగ్ దగ్గర అలాగే ఉంది.

శుక్రవారం మామూలుగా బయల్దేరాం. హార్బరు దాటగానే వెనకనుంచి "అమ్మడూ, ఇక్కడ వెయ్యి" అని కేక వినిపించింది. తిరిగి చూస్తే మీసం మెలేస్తూ నా వైపే చూస్తున్నాడు. నిజంగా మరిచిపోయి పిలిచాడో, నా కోసం పిలిచాడో నాకు తెలియలేదు. చెయ్యెత్తాను.

ఇట్లు,
చెయ్యెత్తడం తప్ప ఇంకేమీ చేతకాని
మీ అక్క