గడ్డి మొలవని సమాధి

అబ్బా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ముసాఫిర్‌కు, ఈ లోకపు బాటసారికి, సొంతిల్లెందుకని మడికొండ ప్లాటును మసీదుకిచ్చేసి, అద్దింట్లోనే కన్నుమూశావు. నీ మీద మట్టే ఉండాలని, గడ్డి మొలిస్తే మొలవనీయండని మాకు చెప్పి మరీ పోయావు.

పొద్దున అన్న ఫోన్‌లో నీ సమాధి ఫొటో చూపించాడు. చుట్టూ సిమెంటు, పైన నల్ల గ్రానైటు, బంగారు రంగు అక్షరాలు.

"జర చూడు చెల్లె, మొత్తం ఖబరస్తాన్‌ల ఇసొంటిది ఇంకోటి లేదు. ఇగ గడ్డి మొలుస్తదన్న ఫికర్ గూడ లేదు."

"అబ్బా మట్టే చాలన్నడు గదన్నా?"

"ఆయన అట్లనే అంటడు. నలుగురు నన్నేమనుకుంటరు?"

నీ పేరు చదవడానికి ఫొటోను పెద్దది చేయాల్సి వచ్చింది. కట్టించిన అన్న పేరు మాత్రం పెద్దది చేయకుండానే కనబడింది.

నీ బిడ్డ