కుర్చీ మీద దస్తి

నల్లగొండ, 1989. మంగళవారం రాత్రి.

కల్లు గీయబోయి బాపు తాటిచెట్టు మీదికెళ్లి పడ్డ సంది నాకు నిద్ర లేదు. నడుము ఇరిగింది, మూడు నెలలు పక్కన మనిషుండాలె అన్నడు మోత్కూరు డాక్టర్. ఇయ్యాల ఆఫీసుల నా సెలవు మంజూరైంది. వాపసొస్తే ఇదే సీటని కాయితం మీద రాసిచ్చిండ్రు. అయినా హెడ్‌క్లర్కు నవ్వుకుంట, "అప్పటిదాంక నీ టైపు మిషన్ కాడ ఇంకెవరో కూసుంటరమ్మా" అన్నడు. మండింది నాకు. "కూసుంటె లేపుత" అన్న, జర గట్టిగనే.

అటెండర్ ఖలీల్ భాయ్ జేబులకెళ్లి దస్తి తీసి, బస్సుల సీటు ఆపినట్టు నా కుర్చీ మీద ఏసిండు. "పోయిరా బేటీ, బాపును మంచిగ జూస్కో" అన్నడు. అందరం నవ్వినం.

ఇప్పుడు బట్టలు సదురుకుంటుంటె మల్ల ఫికరైతుంది. మోత్కూరు బస్సుల దస్తి అవుతల పారేసి కూసునేటోళ్లను ఎంతమందిని జూడలే! కని దస్తి ఏసినాయన పక్కనే ఉంటె కూసున్నోణ్ణి మాత్రం ఒక్కణ్ణి జూడలే.

ఇందాక పొద్దుగూకినంక ఆఫీసు గడప దాటుకుంట ఎనక్కి జూసింది యాదికొచ్చింది. ఖలీల్ భాయ్ తన స్టూలును నా కుర్చీ పక్కకు జరుపుకుంటుండు.