నానమ్మ పటం

ఫిబ్రవరి 22, 1999
నాన్నకు రెండో స్ట్రోక్. కుడిచెయ్యి పోయింది, మూతి వంకరపోయింది. డాక్టర్ నాతో మాట్లాడుతున్నంతసేపూ నా మొహంలోకి చూడలేదు. ఇక అడగడానికేమీ లేదు.

ఫిబ్రవరి 25
మాట కాస్త కూడదీసుకోగానే నాన్న ఒకటే అడిగాడు. వాళ్ళమ్మ ఫొటో చేసిపెట్టమని.

నాన్నకు పదిహేడేళ్ళప్పుడు, చైనాలోని షాన్‌డాంగ్‌లో, పక్కింటివాళ్ళ గాడిదను ఇచ్చి రమ్మని ఆమె పంపింది. గాడిద ఇల్లు చేరింది. తిరిగొస్తున్న ఈయన్ను అంతర్యుద్ధంలో ఓడిపోయి పారిపోతున్న సైన్యం పట్టుకుపోయింది. ఓడెక్కించి తైవాన్‌లో దింపింది. ఉత్తరం ముక్క కూడా అటు వెళ్ళని రోజులు. తుపాకీ అప్పజెప్పాక కెమెరా పట్టాడు. ఇక్కడే, కావోషియుంగ్‌లో, సిపాయిల కాలనీ గేటు పక్కన స్టూడియో పెట్టాడు.

అమ్మ పటం లేకుండా పండగనాడు ఎవరికి మొక్కాలని సిపాయిలు వచ్చి కూర్చునేవాళ్ళు. ఒక్కరి దగ్గరా తల్లి ఫొటో లేదు. నాన్న వాళ్ళకే గడ్డం గీయించి, ముసలమ్మల నల్లచొక్కా తొడిగి, ఫొటో తీసేవాడు. తర్వాత నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు, కొప్పు. వాళ్ళలో ల్యూ బాబాయ్ ఆ చొక్కా తొడుక్కున్న రోజు వీధంతా పడీపడీ నవ్వింది. పటం చేతికొచ్చాక ఆయన మెట్లమీదే కూలబడి ఏడ్చాడు.

"కొడుకు మొహంలో తల్లి ఉంటుందే. కాస్త గీకితే బయటికొస్తుంది," అనేవాడు నాన్న.

తనకు మాత్రం చేసుకోలేదు. పటం గోడెక్కితే మనిషి పోయినట్టే అనేవాడు. ఎన్నో ఏళ్ళకు చైనాకు దారులు తెరిచాక ఊరినుంచి కబురొచ్చింది, ఆమె కరువులో ఎప్పుడో పోయిందని. అయినా చేసుకోలేదు. గోడ మీద ఆమె చోటు ఖాళీగానే ఉంచాడు.

ఫిబ్రవరి 28
ఇప్పుడు గీకడానికి ఆ మొహమే మిగల్లేదు. ల్యూ బాబాయ్ ఆసుపత్రికి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. కళ్ళూ ముక్కూ మీ నాన్నవే కదా, ఆ చొక్కా నువ్వే తొడుక్కో పిల్లా అన్నాడు.

మార్చి 3
తొడుక్కున్నాను. సెల్ఫ్ టైమర్ పెట్టాను. నాన్న పెన్సిళ్ళే. నలభై దగ్గరపడ్డ మొహం, ముసలిదాన్ని చెయ్యడానికి పెద్ద శ్రమ పడలేదు.

మార్చి 4
చూపించాను. ఆ నోరు మీ అమ్మది అన్నాడు.

మార్చి 9
నోరు మార్చాను. నుదురు కాదన్నాడు.

మార్చి 13
నుదురూ మార్చాను. చాలాసేపు చూశాడు. ఎవరో పెద్దావిడ, మంచావిడలాగే ఉంది అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"అందరి అమ్మల్నీ తెచ్చిచ్చాను. మా అమ్మ ఎలా ఉండేదో నాకే గుర్తులేదే," అన్నాడు.

మార్చి 14
రాయాలని లేదు.

మార్చి 19
పొద్దున నా చెయ్యి పట్టుకుని, గాడిదను ఇచ్చేశానమ్మా అన్నాడు. తలుపు వెయ్యొద్దు, వచ్చేశానన్నాడు. రా నాయనా, తలుపు తీసే ఉంది అన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. చెయ్యి వదిలేశాడు.

"ఏమనుకోకండి. ఇల్లు పొరబడ్డాను."

మధ్యాహ్నానికి పోయాడు.

ఏప్రిల్ 5, చింగ్‌మింగ్
పెద్దలకు మొక్కే రోజు. నాన్న ఫొటో పక్కన, ఖాళీ చోటులో ఆ పటం పెట్టాను. ల్యూ బాబాయ్ మూడుసార్లు వంగి, అచ్చం తల్లీకొడుకులే అన్నాడు.

అగరొత్తులు వెలిగించి నాకు నేనే మొక్కుకున్నాను. నాకెలాగూ పిల్లల్లేరు. రేపు నేను పోయాక ఎవరూ పెట్టని పటం, ఇవాళ నేనే పెట్టేసుకున్నాను.