ముహూర్తాల గొలుసులో నా వంతు గురించి

కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీలో ఉంటున్న, కీర్తిశేషులు వెంకటరామయ్య గారి పెద్ద కుమార్తె, అరవై ఎనిమిదేళ్ల బాలాత్రిపురసుందరి అనే నేను పూర్తి స్పృహతో, స్థిరచిత్తంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. నా బుద్ధి సవ్యంగా ఉందని డాక్టరు గారు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేశాను. ఆయన కూతురి పెళ్లికి హాలు మా ముహూర్తాల గొలుసు మీదే బుక్ అయింది కనుక ఆయన మాటకు ఎంత విలువ ఇవ్వాలో కోర్టువారే చూసుకోవచ్చు.

దీన్ని అమలు చేసే బాధ్యత లాయరు రోహిణి గారిది.

ఒక షరతు ముందే చెబుతున్నాను. తనకు లాభం వచ్చే నమోదుకు తాను సాక్షి కాకూడదన్నది మా గొలుసు నియమం. ఈ వీలునామాకూ అదే వర్తిస్తుంది. దీని మీద సాక్షి సంతకం చేసినవారికి ఇందులో ఏమీ చెందదు. వారికి రాసినది ఏదైనా ఉంటే గొలుసు ఉమ్మడి నిధికి పోతుంది.

1. నేను ఉంటున్న ఫ్లాటు, అందులోని సామాన్లు, బాల్కనీలోని మల్లె కుండీలతో సహా నా చెల్లెలు జయంతికి చెందుతాయి. గుడివాడ సంబంధం వద్దన్నందుకు అది నన్ను ఇప్పటికీ దెప్పుతుంది. జయంతీ, అతని బట్టతల గురించి కాదే నా అభ్యంతరం. పెళ్లయ్యాక ఉద్యోగం మానేయాలన్నాడు. మానేసి ఉంటే ఈ కింద రాసేవేవీ ఉండేవి కావు. పెళ్లి చేసుకోని నేను వేల పెళ్లిళ్లకు దారి చూపించాను, ఇక దెప్పడం ఆపు.

2. గొలుసంటే ఏమిటో తెలియని జడ్జిగారి కోసం రాస్తున్నాను. లగ్గాల సీజనులో ఒకే ముహూర్తానికి ఒకే హాలును ఇద్దరికి ఇచ్చి, ఇద్దరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవడం మన నగరంలో మామూలే. దాన్ని ఆపడానికి నేనూ, నా అన్నయ్య కొడుకు జశ్వంత్, పుప్పాలగూడలో టెంట్ హౌస్ నడిపే బాలనర్సయ్య కలిసి ముహూర్తాల గొలుసు మొదలుపెట్టాం. కంప్యూటరు వాళ్లు దీన్ని బ్లాక్‌చెయిన్ అంటారు. బుకింగు ఒకసారి అందులో రాస్తే చెరపడానికి లేదు. నకలు సభ్యులందరి దుకాణాల్లో, చిన్న చిన్న పెట్టెల్లో ఉంటుంది. బాలనర్సయ్య పెట్టె స్టీలు ప్లేట్ల దొంతరల మధ్య ఉంది. ఏ నిర్ణయమైనా ఖాజాగూడ బండల దగ్గర ఆదివారం పొద్దున చేతులెత్తి తీసుకుంటాం, ఎంత పెద్దవారికైనా ఒక్కటే చెయ్యి. వంటల కాంట్రాక్టరు పార్వతమ్మ ఒకసారి పని మీద నుంచి నేరుగా వచ్చి గరిటె ఎత్తింది. అప్పటినుంచి బ్యాండువాళ్లు డోలు పుల్లలు, పంతుళ్లు పంచాంగాలు ఎత్తుతున్నారు. హైటెక్ సిటీలో ఎన్నో బోర్డు మీటింగుల్లో కూర్చున్నాను కానీ, ఇంత అందమైన ఓటింగు ఎక్కడా చూడలేదు.

3. బాలనర్సయ్యకు నా ఇంట్లోని గొలుసు పెట్టె, దాంతోపాటు అతని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఇవ్వాలి. మా మొదటి సమావేశానికి వచ్చిన కుర్చీ అది. అతను ఎన్నడూ తిరిగి అడగలేదు, నేను ఇవ్వలేదు. రోజూ దాని మీదే కూర్చుని పని చేశాను. తమ్ముడూ, ఇక కిరాయికి పంపకు. నీ దుకాణంలో వేసుకుని కూర్చో.

4. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో అద్దాల మేడ మీద ఆఫీసు ఉన్న ఆ పెట్టుబడి కంపెనీకి నేను ఏమీ ఇవ్వడం లేదు. పేరు రాసి వాళ్లకు ప్రచారం చెయ్యను. ఎందుకు ఇవ్వనో మాత్రం చెబుతాను.

నాలుగేళ్ల కిందట మాఘమాసంలో ఒక పెళ్లి ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడింది. పంచాంగం ప్రకారం అది శుక్రవారం రాత్రే. మనకు రోజు సూర్యోదయంతో మారుతుంది కదా. కానీ జశ్వంత్ రాసిన ప్రోగ్రాం అర్ధరాత్రికే తేదీ మార్చేసి, ఆ బుకింగును శనివారం కింద వేసింది. శుక్రవారం ఖాళీగా కనిపించేసరికి హాలు యజమాని దాన్ని ఇంకొకరికి ఇచ్చాడు. పుప్పాలగూడలో ఒకే గేటు ముందు రెండు బారాత్‌లు, రెండు బ్యాండ్లు, రెండు గుర్రాలు. మేనమామలిద్దరు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. బాలనర్సయ్య పరుగున వచ్చి, "గిట్ల కొట్లాడుకుంట ముహూర్తం పోగొట్టుకుంటరా ఏంది? నా గోదాం ముంగట పందిరేస్త పదుండ్రి" అని ఒక పెళ్లివారిని తీసుకుపోయాడు. ముహూర్తం దాటకుండా రెండు తాళిబొట్లూ పడ్డాయి.

ఆ వారమే కంపెనీవాళ్లు మమ్మల్ని చూడటానికి రావాల్సి ఉంది. గొలుసు కట్టేటప్పుడు అవసరమని ఒక మూలతాళం పెట్టుకున్నాం. కంప్యూటరులో అదొక రహస్య సంకేతం, దాంతో పాత నమోదులనైనా మార్చవచ్చు. అది నా దగ్గర ఉండేది. "అత్తయ్యా, ఆ రెండు నమోదులూ తీసేద్దాం. వాళ్ల కంట పడితే పైసా పెట్టరు" అన్నాడు జశ్వంత్. నా మేనల్లుడి తప్పని చెరిపితే, రేపు హాలు యజమాని తాను తీసుకున్న అడ్వాన్సు చెరపమంటాడు. కుదరదన్నాను. కంపెనీవాళ్లు వచ్చారు, అన్నీ చూశారు. తప్పు సంగతి వదిలేసి తాళం సంగతి పట్టుకున్నారు. "ఆ తాళం మా పేరు మీద ఉంటేనే పెట్టుబడి మేడం" అన్నారు. ఫిల్టర్ కాఫీ ఇచ్చి పంపించాను. జశ్వంత్ ఆ సాయంత్రమే, "నా వంతు కూడా నువ్వే ఉంచుకో" అని వెళ్లిపోయాడు. వాడు వెళ్లిన కోపం నాకు చాలాకాలం తగ్గలేదు. బెంగ అసలే తగ్గలేదు.

ఆ తరువాత జరిగింది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. రోజు సూర్యోదయంతోనే మారాలని గరిటెలు, పంచాంగాలు ఎత్తి నిర్ణయించాం. తప్పును అలాగే ఉంచి దాని కింద సవరణ రాశాం. బాలనర్సయ్య ఆ పేజీనే ఫోనులో పెట్టుకుని టెంట్ హౌసుల చుట్టూ తిరిగాడు. "జర గీడ చూడు. మా తప్పు గూడ గీడనే ఉన్నది. తప్పునే దాచనోళ్లం, నీ అడ్వాన్సు దాస్తమా?" ఈ మాట మీద పుప్పాలగూడ అంతా చేరింది. తరువాత కూకట్‌పల్లి, వరంగల్లు, కరీంనగర్, చివరికి మా బెజవాడ పూలవాళ్లు కూడా చేరారు. హైటెక్ సిటీలో చిన్న పెట్టుబడి సంస్థ నడిపే కృష్ణప్రియ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. "తప్పు దాచుకోనివాళ్ల దగ్గర డబ్బు పెట్టడానికి నాకు భయం లేదండీ" అంది. తాళం అడగలేదు. ఒక్క చెయ్యి చాలంది.

5. మూలతాళం కోసం ఎవరూ నా బీరువా వెతకవద్దు. నేను లేకపోతే గొలుసు ఏమవుతుందోనన్న దిగులు నన్ను చాలా పీడించింది. అందుకని ఈ శ్రావణంలో, లగ్గాలు ముమ్మరంగా ఉన్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా నా పెట్టె ఆపేసి, ఫోను కట్టేసి, రాజమండ్రిలో జయంతి ఇంటికి వెళ్లి కూర్చున్నాను. చచ్చిపోయాననుకోండి అని గొలుసుకు పరీక్ష పెట్టానన్నమాట. మాసం పూర్తయ్యాక తిరిగి వస్తే ఒక్క బుకింగూ తప్పలేదు. కొత్త ఊళ్లు కూడా చేరాయి. "ఏడికన్న పోయినవా అక్కా? మాకు ఎరుకనే లేదు" అన్నాడు బాలనర్సయ్య. ఇంటికి వచ్చి ఆనందంతో ఏడ్చాను. ఆ వచ్చిన ఆదివారమే ఖాజాగూడలో అందరి చేతుల సాక్షిగా తాళాన్ని రద్దు చేయించాను. ఇప్పుడది దేన్నీ తెరవదు.

6. ఇక మిగిలింది వ్యవస్థాపకుల వంతు. గొలుసు పుట్టినప్పుడు నాకూ జశ్వంత్‌కూ వచ్చిన కంప్యూటరు నాణేలు అవి, షేర్లలాగా కొనవచ్చు, అమ్మవచ్చు; బాలనర్సయ్య తనకు అప్పుడే వద్దన్నాడు. చేతులెత్తే చోట వాటికి బలం లేదు. కానీ అంత పెద్ద వంతు ఒక్కసారిగా బజారులో పడితే గొలుసు విలువ కూలిపోతుంది, చిన్న సభ్యులు హడలిపోయి పారిపోతారు. ఆ అద్దాల మేడవాళ్లకు ఇది తెలుసు. అందుకే, ఆ నాణేలు చేతికొస్తే తమకు అమ్మమని జశ్వంత్‌కు ఫోన్లు చేస్తున్నారు. నాకు భయంగా ఉంది. అయినా మొదటి ప్రోగ్రాం రాసినవాడు వాడు. వాడి కష్టాన్ని దగ్గర పెట్టుకుని నేను నమ్మకం గురించి ఊరికి ఉపన్యాసాలు ఇవ్వలేను. కనుక వాడి వంతు, నా వంతు మొత్తం నా మేనల్లుడు జశ్వంత్‌కు చెందాలి. షరతులు లేవు. అమ్ముకుంటే అమ్ముకోనీ.

సవరణ: పై అంశాలను ఈ రోజు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. కబురు పెడితే జశ్వంత్ కూడా వచ్చాడు. సాక్షి సంతకాలకు పార్వతమ్మ ముందుకు వచ్చింది. "నాకేం వద్దమ్మా, సంతకం పెట్టి పోత, పొయ్యి మీద పప్పున్నది" అంది. రెండో సాక్షి కోసం పక్క ఫ్లాటువాళ్లను పిలవబోతుంటే జశ్వంత్ కలం అందుకున్నాడు. రోహిణి గారు ఆపి, "సాక్షి అయితే మీకు రాసింది మొత్తం ఉమ్మడి నిధికి పోతుంది. ఆ నియమం విన్నారా?" అని అడిగారు. "విన్నానండి. గొలుసులో ఆ నియమం రాసింది నేనే" అని సంతకం పెట్టాడు. తరువాత నా వైపు తిరిగి, "వచ్చే ఆదివారం ఖాజాగూడకు నేనూ రావచ్చా అత్తయ్యా?" అన్నాడు.

కనుక ఆరో అంశం చెల్లదు. అయినా దాన్ని కొట్టివేయడం లేదు. మా గొలుసులో ఏదీ కొట్టివేయం, కింద సవరణ రాస్తాం. ఈ సంతకంతో, నా తరువాత ముహూర్తాల గొలుసులో పెద్ద వంతు అన్నది ఇక ఎవరికీ ఉండదు.

తేదీ: 2025 నవంబరు 16, ఆదివారం. సూర్యోదయం అయింది కనుక తేదీ మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

(సంతకం) బాలాత్రిపురసుందరి

సాక్షులు:
1. పార్వతమ్మ, వంటల కాంట్రాక్టరు, ఖాజాగూడ
2. జశ్వంత్, మేనల్లుడు