బొట్టు పెట్టిన బ్యాటరీ

28 సెప్టెంబర్ 2025

ఈ రోజు డ్రోన్‌తో ఎనిమిదెకరాలకు మందు కొట్టాను. దిగిన ప్రతిసారీ బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడి. నీడలో పెట్టి, పూర్తిగా చల్లారాకే చార్జింగ్. చార్జర్ ఉన్నది ఖాళీ పశువుల కొట్టంలో, పక్కనే ఇసుక బకెట్. చార్జింగ్ అయ్యేదాకా నేను కదలను. ట్రైనింగ్‌లో మొదట చెప్పింది అదే.

బాలింత కాడ కూచున్నట్టు కూచుంటావేందే అని మా అత్త హనుమంతమ్మ ఒకటే నవ్వు. నవ్వుకోనీ. ఉన్నవి నాలుగు బ్యాటరీలు. అవి పోతే నేను మళ్లీ కూలికే.

1 అక్టోబర్

ఆయుధపూజ. పూలకని నందికొట్కూరు వెళ్లి వచ్చేసరికి కొడవళ్లు, పారలు, మా ఆయన నాగరాజ్ బైకు, వాటి వరుసలోనే నా రెండు బ్యాటరీలు. అత్త బిందెడు నీళ్లతో కడిగి బొట్లు పెట్టింది. కనెక్టర్ల నిండా కుంకుమ. మిగతా రెండూ నా పెట్టెలో తాళం వేసి ఉండబట్టి బతికాయి.

నీకు మంచి జరగాలనే చేసినా కదమ్మా అంది. ఏడుపొచ్చింది. అరవలేకపోయాను.

2 అక్టోబర్

తడిసినవి చార్జింగ్ పెట్టొద్దన్నారు సర్వీస్ వాళ్లు. సోమవారం మనిషి వస్తాడట. రెండింటినీ ఇంటికి దూరంగా నీడన పెట్టాను.

3 అక్టోబర్

రైతు పుల్లయ్య వచ్చాడు. పన్నెండెకరాల కందికి పురుగు తగిలింది. రేపే కొట్టాలంట, లేకుంటే ఆత్మకూరు నుంచి వేరే డ్రోన్ పిలిపిస్తాడంట. రెండు బ్యాటరీలతో రెండు రోజులు పడుతుందన్నాను. నాగరాజ్ మధ్యలో దూరి, ఎండలో పెడితే ఆరిపోతాయి, ఏంగాదు, రేపొస్తాది అని మాటిచ్చేశాడు. నా పని, ఆయన మాట! ఒళ్లు మండిపోయింది.

4 అక్టోబర్, ఉదయం 10

నేను స్నానానికి వెళ్లగానే నాగరాజ్ చార్జర్‌ను పత్తి మూటలున్న గదిలోకి మార్చాడు, కొట్టంలోనైతే నా కంట పడుతుందని. కడిగిన బ్యాటరీ ఒకటి తగిలించి, మందు కలపడానికి పుల్లయ్య చేనికి పోయాడు.

ఊడ్చడానికి వెళ్లిన అత్త కేక పెట్టింది. శివమ్మా, ఇది ఉబ్బుతాండాదే, యాందో వాసనొస్తాండాది అని. తడి చీరతోనే పరుగెత్తాను. అత్తను బయటికి తోశాను, స్విచ్ ఆపాను, వైరు లాగాను. బ్యాటరీని పారతో ఎత్తి వాకిట్లో పడేశానో లేదో భగ్గుమంది. ఇసుకంతా పోసినా శానాసేపు పొగ ఆగలేదు. పత్తికి అంటుకోలేదు. అంటుకుని ఉంటే ఇల్లు లేదు, అత్తా లేదు.

నేను కడిగినందుకేనా అని అత్త అడుగుతూనే ఉంది. నాగరాజ్ వచ్చి నల్లబడిన వాకిలి చూశాడు. నా వైపు చూడకుండానే పుల్లయ్యకు ఫోన్ చేసి, రెండు దినాలు పడతాదన్నా, మీ ఇష్టం అన్నాడు.

పుల్లయ్య ఆత్మకూరు డ్రోన్‌నే పిలిపించుకున్నాడు. పోనీ.

6 అక్టోబర్

రెండో తడి బ్యాటరీని సర్వీస్ మనిషి తీసుకెళ్లాడు.

9 అక్టోబర్

అత్త ఇసుక బకెట్‌కు పసుపు పూసి బొట్టు పెట్టింది. చార్జింగ్ అయ్యేదాకా దాని పక్కనే కూర్చుంది. అన్నం కూడా ఆడికే తెమ్మంది.