కొత్త బ్రేకులకు పెట్టిన బొట్టు

ఆశ్వయుజ బహుళ విదియ, మంగళవారం

నోటితో చెప్పలేకపోయాను, అందుకే ఈ నోటుబుక్కు తీశాను. పొద్దున ఖాజా మిస్త్రీ వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. "కారు బ్రేకు ప్యాడ్లు విప్పి చూసిన అక్కా. నూనె తాగినయి. ఒక్క చుక్క తగిలినా బ్రేకు పట్టది. నా చేతికే ఉండెనేమో."

అతని చేతికి లేదు. పెట్టింది నేను.

తదియ, బుధవారం

థర్మల్ ప్లాంటు ఇంజనీరు బదిలీ మీద పోతూ మా మరిది వెంకటేశుకు అమ్మిన పాత కారు. రెండే తలుపులు. బాణంలా పోతుంది, ఆపితే ఆగదు. బ్రేకులు మార్పించమని పోరింది నేనే. "ఉరికే గుర్రానికి కొత్త కళ్లెం కావాలె, అంతేగద వదినె" అని నవ్వాడు. హైదరాబాదు నుంచి డిస్కులు, వాటిని పట్టే ప్యాడ్లు తెప్పించాడు. ఆయుధపూజ నాడు పీట మీద పెట్టాను. పొడి కుంకుమ నిలవలేదు... నువ్వుల నూనెలో కలిపి బొట్లు పెట్టాను. ప్యాడ్లకు నిండుగా. మర్నాడు ఖాజా వాటిని బిగించడానికి వచ్చేలోగా, చేతికి అంటుతుందని చెంగుతో తుడిచాను. ఇనుము మీద పోయింది. ప్యాడ్లు లోపలికి పీల్చుకున్నాయి — నాకు తెలియలేదు.

ఆ సాయంత్రమే శక్తినగర్ రోడ్డు మీద రైల్వే గేటు పడింది. ముందు వడ్ల లారీ. ఎంత తొక్కినా కారు ఆగలేదట, పోయి లారీకి గుద్దుకుంది. వెంకటేశుకు కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

చవితి, గురువారం

సంకష్టి. ఉపవాసం ఉన్నాను. అన్నం మానడం సులువే.

షష్ఠి, శనివారం

ఆసుపత్రి. మోసంబి ఒలుస్తున్నాను. "చేతులు కడగకనే బిగించిండు వాడు. వాని షెడ్డు ఉంచను వదినె."

"వెంకటేశూ..."

"ఏంది వదినె?"

"ఇంకో తొన ఇయ్యనా" అన్నాను.

అష్టమి, సోమవారం

ఖాజా షెడ్డుకు వెళ్లాను. ఒక్క బండీ లేదు. ఎదురుగా చాయ హోటలు వాళ్లు వినపడేటట్టే అంటున్నారు — "ఖాజాతాన పోతే అల్లా కాడికి సీదా రోడ్డు."

అతను తల ఎత్తలేదు. "ఇంక బ్రేకులు ముట్ట అక్కా. పంక్చర్లేసుకుంట."

"ఖాజా, ఆ నూనె..."

"నేనూ గదే సోంచాయిస్తున్న అక్కా. ఏడ తగిలిందని. యాదికొస్తలేదు. ఎండల ఎందుకొచ్చినవ్, అన్నకు తెలిస్తే కోపమైతడు. పో ఇంటికి."

వచ్చేశాను.

నవమి, మంగళవారం

రేపు వెంకటేశును ఇంటికి తెస్తారు. ఖాజాను కూడా రమ్మన్నారు, వీధి పెద్దల ముందు తప్పు ఒప్పుకోవడానికి. ఒప్పుకుంటానన్నాడట. "నువ్వు చాయ పెట్టియ్యి, చాలు" అని మా ఆయన చెప్పి పోయారు.

చాయ తీసుకుని వాళ్ల మధ్యకే వెళ్లాలి. ఖాజాకు కూడా నేనే అందించాలి.

ఈ కాగితాలు చింపను. ట్రంకులో చీరల అడుగున ఉండాలి, ఎవరి చేతికీ పోకూడదు. రేపు నా నోరు పెగలకపోతే, నిజం ఇక్కడొక్కచోటే ఉంటుంది.